సులైబియాలో ద్రాక్షతోట

ఆ రోజుల్లో ఊరు చూడటం కూడా ఒక పనేనని, దానికోసం జనం సెలవు పెట్టి మరీ బయలుదేరతారని మాకు తెలియదు. కువైట్‌లో ఉన్న మావాళ్లకి దేశమంటే పనిచేసే చోటు, పడుకునే గది, ఉత్తరాలు వేసే డబ్బా, ఈ మూడింటి మధ్య ఉన్న రోడ్డు. మొన్న మా కూతురూ అల్లుడూ ఏదో దేశం వెళ్లి, సముద్రం ఒడ్డున ఉన్న పాత పట్నమొకటి చూసి, దాని పక్కనే ఉన్న ద్రాక్షతోటల్లో రెండు రోజులు తిరిగి వచ్చారు. కోట గోడలు, పడవలు, తోటలు, పీపాలు, గ్లాసులు అన్నీ ఫోన్‌లో చూపించారు (గ్లాసుల ఫొటోలు వచ్చినప్పుడు మాత్రం అల్లుడి వేలు చాలా చురుగ్గా కదిలింది). "నువ్వు కువైట్‌లో అన్నేళ్లు ఉంటివి గదా అబ్బా, ఇట్లాంటివి ఏమన్నా చూసినావా?" అని మా కూతురు అడిగింది. చూశాను తల్లీ. పాత పట్నం చూశాను, సముద్రం చూశాను. ద్రాక్షతోట చూడటమే కాదు, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని తీసుకెళ్లి చూపించాను కూడా. ఆ చూపించడంలో నా పెళ్లి చేజారిపోవలసింది.

అది ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై మూడేళ్లు. కువైట్ పట్నం నడుమ మిర్కాబ్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఫర్రాష్‌గా ఉండేవాణ్ని. ఫర్రాష్ అంటే టీ పెట్టేవాడు, ఫైళ్లు మోసేవాడు, బల్లలు తుడిచేవాడు, ఎవరికి ఎవరిమీద కోపం వచ్చినా మధ్యలో తిట్లు తినేవాడు. మా ఊరు రాయచోటికి రాసే ఉత్తరాల్లో మాత్రం 'ఆఫీసులో ఉద్యోగం' అని రాసేవాణ్ని. అది అబద్ధం కాదు కదా, టీ పెట్టేది ఆఫీసులోనే. ఇక నాకు అరబ్బీ వచ్చన్న పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలి. చిన్నప్పుడు మా వీధి మదర్సాలో హజ్రత్ బెత్తం పక్కన పెట్టుకుని అక్షరాలు నేర్పారు. అందువల్ల అరబ్బీలో ఏది రాసిపెట్టినా గొంతు సవరించుకుని, సాగదీయవలసిన చోట సాగదీసి, గడగడా చదివేస్తాను. ఒక్క ముక్క అర్థం కాదు, అంతే. మా గదిలో మిగతావాళ్లకి ఆ చదవడం కూడా రాదు కనుక నేను బజారులో బోర్డులు చదువుతుంటే నిలబడి వినేవాళ్లు. ఒకసారి ఇంజను ఆయిల్ ప్రకటన చదివితే వెనకనుంచి ఎవరో భక్తిగా 'ఆమీన్' అన్నారు. వాళ్ల భ్రమ పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆ గదిలోనే మేమంతా చిచ్చా (అంటే చిన్నాన్న) అని పిలిచే ఒకాయన ఉండేవాడు. మా ఊరివాడే, మా అందరికంటే పెద్దవాడు. షువైఖ్‌లో వానెట్ తోలేవాడు (వెనక సామాను వేసుకునే చిన్న ట్రక్కుని అక్కడ వానెట్ అంటారు). వారమంతా సిమెంటు, ఇనుము మోసి, శుక్రవారాల్లో పెళ్లిసంబంధాలు మోసేవాడు. ఆయనకి తెలిసిన మనిషొకాయన పట్నానికి దూరంగా అహ్మదీలో ఒక పెద్ద ఇంట్లో వంటవాడు. మావైపువాడే, పెళ్లీడు కూతురు ఉంది. చిచ్చా ఆయనకి నా గురించి చెబుతూ, "పిల్లోడు ఆఫీసులో ఉండాడు. అరబ్బీ అంటావా, అరబ్బులకే నేర్పిచ్చాడు" అన్నాడట. ఆ మాట వినగానే నాకు గుండెల్లో రాయి పడింది. పడినా నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదంటే, ఆ అమ్మాయి సంగతి నాకు అప్పటికే కొంచెం తెలుసు.

కొంచెమంటే ఎంతో చెబుతాను. ముందటి ఏడు నేను సెలవు మీద ఊరికి పోతుంటే చిచ్చా నా చేతికొక మూట ఇచ్చి, అహ్మదీ ఆయన తన ఇంటికి పంపించాడని, అందజేయమని చెప్పాడు. ఆ ఇంటి తలుపు తడితే సగం తెరుచుకుని, ఒక చేయి వచ్చి మూట అందుకుంది. తర్వాత తలుపు చాటునుంచి ఒక గొంతు, "మా అబ్బా చిక్కిపోయినాడా?" అని అడిగింది. నేను వాళ్ల నాన్నని ఎప్పుడూ చూడలేదు. ఆ మాటే చెప్పవచ్చు. కానీ ఆ గొంతులో ఉన్న భయానికి నాకు అబద్ధమే నోటికొచ్చింది. "లేదు, బాగుండాడు. ఇంకొంచెం లావైనాడు" అన్నాను. తలుపు వెనక ఎవరో మెల్లగా ఊపిరి పీల్చుకున్నారు. చేయీ, గొంతూ, ఊపిరీ, నాకు తెలిసింది అంతే. తిరుగు విమానంలో కిటికీ పక్కన కూర్చుని నేను మబ్బులు చూడలేదు, ఆ తలుపే చూస్తూ వచ్చాను.

ఆ అహ్మదీ ఆయన ఒక శుక్రవారం నన్ను చూడటానికి వస్తానని కబురు పంపాడు. ఎనిమిదేళ్లుగా కువైట్‌లో ఉన్నా పట్నం చూడలేదనీ, పిల్లవాడే దగ్గరుండి చూపిస్తే బాగుంటుందనీ చెప్పించాడు. పైగా చిచ్చా నోరు ఊరుకోక, మా యజమానికి సులైబియాలో ద్రాక్షతోట ఉందన్న సంగతి కూడా ఆయన చెవిన వేశాడు. వయసులో ఉండగా ఆయన హైదరాబాదు శివారు ద్రాక్షతోటల్లో నాలుగేళ్లు తీగలు కట్టే పని చేశాడట. "పందిరి కింద నిలబడి ఎన్నేండ్లాయనో. అది కూడా చూపిచ్చమను" అన్నాడట.

ఆ తోట సంగతి చిచ్చాకి చెప్పింది నేనే. కనిపెట్టింది కూడా నేనే. మా ఆఫీసులో ఇంజనీరు ఫోన్ పట్టుకుంటే చాలు, 'అనాబీబ్, అనాబీబ్, సులైబియా, సులైబియా' అని అరిచేవాడు. హైదరాబాదు ద్రాక్షని మనం అనాబ్‌షాహీ అంటాం. అనాబ్ అంటే ద్రాక్ష అయినప్పుడు అనాబీబ్ అంటే బోలెడు ద్రాక్ష కాక మరేమిటి? ఒకరోజు యజమాని బుట్టెడు ద్రాక్షపళ్లు తెచ్చి అందరికీ పంచేసరికి నాకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఆ తర్వాత ఇంజనీరు అరబ్బీ మధ్యలో వాడిన ప్రతి ఇంగ్లీషు మాటా అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆరు అంగుళాలు, నాలుగు అంగుళాలు అంటే గుత్తుల సైజులనుకున్నాను. ఇన్ని వందల మీటర్లు అంటే పందిరి పొడవు అనుకున్నాను. ఒకరోజు అనాబీబ్ లీకవుతున్నాయని ఇంజనీరు తల పట్టుకుంటే, పాపం పళ్లు మాగిపోయి రసం కారిపోతోంది కాబోలు, ఈ దేశంలో ఆ రసాన్ని ఇంకో విధంగా వాడుకునే వీలు కూడా లేదాయె అని జాలిపడి ఆయనకి ఒక టీ ఎక్కువ ఇచ్చాను.

శుక్రవారం పొద్దున మిర్కాబ్ బస్టాండులో అహ్మదీ బస్సు దిగిన మనిషిని చూసి నా ప్రాణం చివుక్కుమంది. సన్నగా, పొడుగ్గా, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. నేను తలుపు ముందు నిలబడి లావు చేసిన మనిషి ఈయనేనా అనిపించింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల టోపీ, చేతిలో ఒక రేకు డబ్బా. నేను సలాం చేసి 'మామూ' అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, డబ్బా మూత తీసి, "ముందు తినబ్బీ. నా చేత్తో చేసినా" అన్నాడు. పచ్చని ఆకులో అన్నం చుట్టి ఉడికించిన వేలెడంత చుట్టలు. పుల్లగా, నూనె నూనెగా ఎంతో బాగున్నాయి. ఆరో చుట్ట నోట్లో పెట్టుకుంటూ, "ఏమాకు మామూ ఇది? మన చింతాకు కాదే" అని అడిగాను. ఆయన నావైపు ఒక్క క్షణం చూశాడు. "ఆకేలే, తిను" అన్నాడు.

అక్కడినుంచి నడుచుకుంటూ పాత కోటగుమ్మం దగ్గరికి తీసుకెళ్లాను. పూర్వం పట్నం చుట్టూ మట్టిగోడ ఉండేది. గోడ కూల్చేసి గుమ్మాలు మాత్రం ఉంచారు. నాలుగు వైపులా కార్లు తిరుగుతుంటే మధ్యలో పచ్చగడ్డి, ఆ గడ్డిలో ఎటూ తెరుచుకోని గుమ్మం. ఇద్దరం గడ్డిమీద చతికిలబడ్డాం. పక్కనే ఒక బోర్డు ఉంది. "ఏం రాసినారో చదువబ్బీ" అన్నాడు మామూ. నేను గొంతు సవరించుకుని హజ్రత్ మెచ్చుకునేటట్టు చదివాను. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే దొరికింది, జులూస్. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మాకు జులూస్ అంటే ఊరేగింపు. ఇక అల్లుకుపోయాను. "పూర్వం రాజులు జయించుకుని వచ్చినప్పుడు ఈ గుమ్మంలోనుంచే ఊరేగింపు పోయేదంట మామూ. ముందర ఒంటెలు, వెనక గుర్రాలు" అని చెబుతుండగా తోటమాలి రబ్బరు గొట్టం పట్టుకుని పరుగున వచ్చాడు. బంగ్లాదేశ్ మనిషి. "ఇధర్ బైఠ్‌నా మనా హై. బోర్డు నై పఢా?" అని కేకలేశాడు. బోర్డులో ఉన్నది ఇక్కడ కూర్చోకూడదని, అరబ్బీలో జులూస్ అంటే కూర్చోవడమని నాకు అప్పుడు తెలిసింది. మామూ నింపాదిగా లేచి, వెనక అంటుకున్న గడ్డి దులుపుకుంటూ, "పఢా బేటా, బహుత్ అచ్ఛా పఢా" అన్నాడు. తోటమాలికి చెబుతున్నా కళ్లు మాత్రం నామీదే ఉన్నాయి.

జుమ్మా నమాజు అయ్యాక సముద్రం దగ్గరికి పోయాం. అహ్మదీకి కూడా సముద్రం దూరమేం కాదు. కానీ ఆయన పనిచేసే ఇంటి ప్రహరీ దాటి అటువైపు పోవలసిన అవసరం ఈ ఎనిమిదేళ్లలో ఎవరికీ కలగలేదు. పాత రేవులో కొయ్య పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. ఆయన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, నీళ్లు పాదాల మీదికి వచ్చేదాకా నిలబడ్డాడు. "మామా వంటిల్లు, మామా బజారు, మామా బిడ్డలు. నేను చూసింది అదే అబ్బీ" అన్నాడు. ఇంటి యజమానురాలిని వాళ్లు మామా అంటారు. "కువైట్ ఎట్లుంటాదని మా పాప ప్రతి జాబులో అడుగుతాది. శానా బాగుంటాదని రాపిచ్చా. సముద్రం గురించి కూడా రాపిచ్చినా. చూడకుండానే." మాట మార్చడానికి దూరంగా కనిపిస్తున్న మూడు స్తంభాల్నీ, వాటికి గుచ్చినట్టున్న పెద్ద నీలం గుండ్లనీ చూపించి, "ఆ గుండ్ల నిండా నీళ్లు ఉంటాయి మామూ" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. నిజానికి వాటిలో ఉండేది నీళ్లే. ఆ పొద్దటినుంచి నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని ఆయన చచ్చినా నమ్మలేదు.

మధ్యాహ్నం చిచ్చా వానెట్ తెచ్చాడు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని సులైబియా బయలుదేరాం. దారంతా మామూ ద్రాక్షతీగ గురించే మాట్లాడాడు. ఎప్పుడు కత్తిరించాలో, ఏ కణుపు దగ్గర కత్తిరించాలో, పిందె పడేటప్పుడు పందిరి కింద ఎట్లాంటి వాసన వస్తుందో చెబుతుంటే ఆయన బుగ్గలు కాస్త పూడినట్టు కనిపించాయి. నాకూ ఉత్సాహం వచ్చింది. గుమ్మం దగ్గర పోయిన పరువు పందిరి కింద తిరిగొస్తుందనుకున్నాను. గోదాములు దాటాం, ఇసుక దాటాం, ఆఫీసు డ్రైవరు నాకు చెప్పిన గుర్తుల ప్రకారం ఒక పెద్ద ఇనుప గేటు ముందు ఆగాం. గేటు మీద బోర్డు ఉంది. మామూ అడగకముందే నేను తల ఎత్తి, "ముస్తౌదఉల్ అనాబీబ్" అని సాగదీసి చదివాను. ఆయన నావైపు తిరిగి ఏదో అనబోయి ఊరుకున్నాడు.

లోపల కనుచూపు మేర పైపులు. ఇనుప పైపులు, సిమెంటు పైపులు, ఏనుగు దూరేటంత పైపులు, వేలు దూరేటంత పైపులు. పచ్చటిదన్నది ఏదీ లేదు. అప్పటికైనా బుద్ధి తెచ్చుకోవలసింది. కానీ ఎండలో నిలబడి నేనన్న మాట ఇది: "కోత అయిపోయినట్టుంది మామూ. తీగలు తీసేసి పందిరి గుంజలు పేర్చి పెట్టినారు." చిచ్చా ఆ మాట విని ఇంజను మూత ఎత్తి, దానిలో తల దూర్చేశాడు, మళ్లీ బయటికి రాలేదు. మామూ ఒక పెద్ద పైపు దగ్గరికి పోయి దానిమీద చేయి వేసి నిమిరాడు. "గుంజలు శానా బలంగా ఉండాయి" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. అలసట ఉంది. ఇంతలో పఠాన్ కాపలాదారు వచ్చి ఏం కావాలని అడిగితే, నేను అంగూర్ కా బాగ్ (ద్రాక్షతోట) అని గొణిగాను. అతను మా ముగ్గురినీ వరసగా చూసి, "అంగూర్? యే తో పైప్ కా గోదామ్ హై భాయ్. అనాబీబ్ మత్‌లబ్ పైప్" అన్నాడు. ఆ పైన జాలిపడి తాగడానికి నీళ్లు తెచ్చిచ్చాడు.

మామూ ఆ పైపు మీదే కూర్చుని నీళ్లు తాగాడు. ఆ బుగ్గలు మళ్లీ లోపలికి పోయాయి. ఎనిమిదేళ్లకి ఒక్క రోజు బయటికి వచ్చిన మనిషికి పచ్చని తీగ చూపిస్తానని ఆశపెట్టి పైపులు చూపించాను. నా మీద నాకే అసహ్యం వేసింది. పెళ్లి పోతే పోయిందనుకుని ఆయన ఎదురుగా నిలబడి, "మామూ, నాకు అరబ్బీ రాదు. అక్షరాలే వచ్చు, మాటలు తెలీవు. ఆఫీసులో నాది టీ పెట్టే పని" అన్నాను.

"తెల్సబ్బీ" అన్నాడాయన. "పొద్దున నువ్వు తిన్నది ద్రాచ్చాకే. వరక్ ఇనబ్ అంటారు. ఎనిమిదేండ్లుగా వారానికి రెండు తూర్లు చుడతా ఉండా. నాకు అరబ్బీ అచ్చరం ముక్క రాదు, మాటలైతే వచ్చు. గేటు కాడ నువ్వు అనాబీబ్ అని చదివినప్పుడే తెలిసిపాయ. మా సింకు కింద పైపు పగిలినప్పుడు ప్లంబరు నోట దినమంతా ఆ మాటే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మామూ?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా." గ్లాసు పక్కన పెట్టాడు. "కొంచెం లేటైంది. చెప్పినావు గదా." టోపీ సర్దుకుని, "పోయినేడు మూట తీసుకపోయింది నువ్వే గదా. నన్ను చూడకుండానే లావైనాడని చెప్పినోనివి" అన్నాడు. "మీరు లావైనారంట అని జాబు వచ్చింది. నవ్వుకున్నా. ఆ అబద్దం ఎవడు చెప్పినాడో గాని, మా ఇంట్లో ఆడోళ్లు నిమ్మళంగా నిద్రపోయింటారు అనుకున్నా." అని లేచి, ఇంజనులో ఉన్న చిచ్చాని పిలిచాడు. "ఇంగ రారా నాయనా, ఆడ చెడిపోయిందేం లేదు."

మిర్కాబ్ బస్టాండుకి తిరిగి వచ్చేసరికి అహ్మదీ బస్సుకి ఇంకా అరగంట ఉంది. మామూ జేబులోనుంచి ఎయిర్ లెటర్ తీసి, తనకి ఎప్పుడూ జాబులు రాసిపెట్టే డ్రైవరు ఊరికి పోయాడని, నన్నే రాయమన్నాడు. తెలుగు కూడా ఆయనకి చదవడం రాదు. అక్కడ ఇంట్లో ఆయన భార్యకీ రాదు. వచ్చిన జాబు కూతురే చదివి తల్లికి వినిపించాలి. నేను బల్లమీద కూర్చుని మోకాలిమీద కాగితం పెట్టుకున్నాను. ఆయన బస్సుల వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. "ఈ రోజు పట్నం చూసినా. సముద్రం నిజంగానే బాగుండాది, ఈ తూరి చూసి చెప్తాండా. గుండ్లలో నీళ్లుంటాయని పిల్లోడు చెప్పినాడు, నేను నమ్మలా. ద్రాచ్చతోట లేదు, పైపులుండాయి. పిల్లోనికి అరబ్బీ రాదు. టీ పెట్టే పని. అబద్దం చెప్పినాడు, మల్లా వాడే ఒప్పుకున్నాడు. నాకు నచ్చినాడు. మీకు ఇష్టమో కాదో రాయండి."

అరబ్బీ రాదు అన్న చోట నా కలం ఆగిపోయింది. చదవలేని మనిషి చెబుతున్నాడు, రాసేవాణ్ని నేను, చదవబోయేది ఆ తలుపు చాటు గొంతు. 'అరబ్బీ బాగా వచ్చు' అని రాసేశాను. మామూ బస్సు కండక్టరుతో ఏదో మాట్లాడుతున్నాడు. ఆ టోపీ వెనకభాగం చూస్తుంటే చేయి దానంతటదే ఆ ముక్క కొట్టేసింది. 'కొంచెం వచ్చు' అని రాశాను. అదీ కొట్టేశాను. మూడోసారికి 'రాదు' అని రాసి, మిగతాది కూడా చెప్పింది చెప్పినట్టు రాసి, అంటించి ఇచ్చాను. నా పెళ్లిసంబంధం మీద తీర్పుని నా చేత్తోనే రాసుకున్నాను.

జవాబు నెల తిరక్కుండానే వచ్చింది. తర్వాతి సెలవులో పెళ్లయింది. పెళ్లైన నాలుగో రోజో అయిదో రోజో, ఆ జాబు ఎవరి చేతిరాతో నీకు తెలుసా అని మా ఆవిడని కాస్త గొప్పగా అడిగాను. ఆమె కందిపప్పు ఏరుతూ, "జాబు వచ్చిన రోజే తెలుసు" అంది. "మా అబ్బా చెప్పే మాట రాయడానికి రాసేటోనికి అంత కష్టం ఎందుకు? కొట్టేసినా కింద అచ్చరాలు కనపడతానే ఉన్నాయి. మొదట బాగా వచ్చంట, మల్లా కొంచెం వచ్చంట, మల్లా రాదంట. ఇంత అవస్థ పడేది ఆ పిల్లోడు కాక ఇంగెవరు? మా అమ్మకి మాత్రం 'రాదు' అనే చదివి వినిపిచ్చినా."

ఆ తర్వాత కువైట్‌లో ఇంకా చాలా ఏళ్లున్నాను. మామూ వారం వారం నాకు మాటలు నేర్పాడు, నేను ఆయనకి అక్షరాలు నేర్పాను. ఆయన పోయేనాటికి బజారు బోర్డులు కూడబలుక్కుని చదువుకునేవాడు. నాకు అరబ్బీ నిజంగానే పట్టుబడింది. ఇప్పుడు మా వీధిలో గల్ఫ్‌కి పోయే పిల్లలు కాగితాలు పట్టుకుని వచ్చి, "మీకు అరబ్బీ వచ్చంట గదా చిచ్చా" అని అడుగుతారు. నేను గొంతు సవరించుకునేలోపే వంటింట్లోనుంచి "రాదు" అని వినిపిస్తుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ మాటకి అడ్డు చెప్పలేదు. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు మూడుసార్లు అవస్థపడి సంపాదించుకున్న మాట అది, ఎందుకు పోగొట్టుకోవాలి? ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, కాగితం అందుకుని, ఏం రాసుందో మెల్లగా అర్థం చెబుతాను.